ఇస్మత్ చుగ్తాయ్: నాటకము, నవల, చలనచిత్రము
(సమితి వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన వార్షికోత్సవ సభలలో సాధారణముగా తిక్కన సోమయాజిని గూర్చియో, గురజాడ అప్పారావుగారిని గూర్చియో, కందుకూరి వీరేశలింగం పంతులుగారిని గూర్చియో ప్రసంగములు జరుగుతుంటవి. ఈ పర్యాయము స్త్రీల రచనలను గూర్చి మాట్లాడవలసినదిగా కార్యదర్శిగారు నన్ను కోరినారు. నేను ఒక ఉర్దూ రచయిత్రి పేరు చెప్పితిని. ఆయన మర్యాదస్థులు గనుక కాదనలేదు. కాని ఫోనులో ఒక నిమిషము మౌనముగా ఉండి, "తెలుగు సంఘము గదా అమ్మా" అని మాత్రము అన్నారు.

ఆ మాటకు ఇక్కడ సమాధానము చెప్పుకొనవలసిన బాధ్యత నాపై ఉన్నది. ఉద్యోగరీత్యా మనము ఈ ప్రాంతమునకు వచ్చి ఏండ్లు గడచినవి. మన పిల్లలు క్వార్టర్ల వెనుక సందులలో ఆడుకొనునప్పుడు నోటినిండ మాట్లాడునది హిందుస్తానీయే. తెలుగు మనతో, అదియును మనము గద్దించినప్పుడు. ఇన్నేండ్లు ఇరుగుపొరుగున కాపురముండి ఆ యింటి లోపలి వాకిలి ఎట్లుండునో ఎరుగకపోవుట నాకు లోపముగా తోచినది. ఆ వాకిలిని, అందులోని ఆడవారి మాటను, తగవును, ఎత్తిపొడుపును ఉన్నది ఉన్నట్లు చూపిన రచయిత్రి ఇస్మత్ చుగ్తాయ్. అదిగాక ఆమె ప్రభుత్వోద్యోగి కుమార్తె. తానును కొంతకాలము బడుల తనిఖీ చేసి జీతము తీసికొన్నవారు. బదిలీ అనిన ఏమో, సర్కారువారి కాగితము అనిన ఏమో ఆమెకు తెలియును. మూడవ కారణము నా సొంతము. దానిని తరువాత మనవి చేసెదను.

ఇస్మత్ 1915వ సంవత్సరము ఆగస్టు 21వ తేదీన ఉత్తర ప్రదేశ్‌లోని బదాయూఁలో జన్మించినారు. పదిమంది సంతానములో తొమ్మిదవ బిడ్డ. తండ్రి మీర్జా కసీం బేగ్ చుగ్తాయ్ ప్రభుత్వాధికారి గనుక ఆగ్రా, జోధ్‌పూర్, అలీగఢ్ అని ఊరూరు తిరిగిన సంసారము. అక్కలు ముందే పెండ్లిండ్లయి వెళ్ళిపోయినారు. మిగిలినది అన్నల మధ్య ఒక్క ఆడపిల్ల. గోలీలాట, చెట్లెక్కుట, గుఱ్ఱపుస్వారి, అన్నలతో సమానముగా అల్లరి: ఇదే ఆమె బాల్యము. వంట నేర్చుకొమ్మని పెద్దలు ఎంత చెప్పినను ఆ పిల్ల వినలేదు. తండ్రి అత్తవారి యింటి సంగతి యెత్తి అడిగినను ఆమె తన పట్టు విడువలేదు.

పదునాలుగు, పదునైదేండ్ల వయస్సులో పెండ్లి సంబంధము వచ్చినప్పుడు ఆమె పన్నిన ఉపాయము వినదగినది. తన బంధువులలో ఒక యువకుని బతిమాలి, తనను చేసికొనెదనని అతనిచేత ఇంటికి ఉత్తరము వ్రాయించినది. దానితో వచ్చిన సంబంధము ఆగినది. బంధువుతో జరుగవలసిన పెండ్లి ఎన్నటికిని జరుగలేదు; అనుకొన్నదే అది. చదువు సంగతి వచ్చినప్పుడు ఉపాయముతో గాక బెదిరింపుతోనే సాధించినది. తనను బడికి పంపకున్న యిల్లు వదలి మిషను పాఠశాలకు పోయి క్రైస్తవ మతములో కలిసెదనని తండ్రి యెదుటనే చెప్పినది. ఆ కాలపు ముసల్మాను మధ్యతరగతి యింటిలో తండ్రి యెదుట ఆ మాట అనగల ఆడపిల్ల ఎంతమంది యుందురో మీరే ఊహించుకొనండి. ఆ తండ్రిగారిని కూడ మెచ్చుకొనవలసి ఉన్నది. ఆయన కోపగించినారు, కాని పంపినారు.

అలీగఢ్‌లోను, లక్నోలోని ఇసబెల్లా థోబర్న్ కళాశాలలోను చదివి ఆమె పట్టభద్రురాలైనారు. తరువాత ఉపాధ్యాయ శిక్షణ పట్టము కూడ పొందినారు. భారతదేశపు ముసల్మాను స్త్రీలలో ఈ రెండు పట్టములు కలిపి పొందిన మొదటివారు ఆమెయే అని చెప్పుదురు.

ఆమెను రచయిత్రిని చేసినవారు ముఖ్యముగా ఇద్దరు. ఒకరు అన్న అజీం బేగ్ చుగ్తాయ్. ఆయన అప్పటికే పేరు మోసిన హాస్య రచయిత. క్షయరోగముతో మంచము పట్టినవారు. చెల్లెలికి చరిత్ర, మతగ్రంథములు, ఇంగ్లీషు దగ్గర కూర్చుండబెట్టుకొని చెప్పినది ఆయనే. రెండవవారు డాక్టరు రషీద్ జహాఁ. 1932లో వెలువడిన 'అంగారే' అను కథాసంపుటములో ఆమె రచనలు కలవు. 1933లో సంయుక్త రాష్ట్రముల ప్రభుత్వము ఆ పుస్తకమును నిషేధించినది. 1936లో లక్నోలో జరిగిన అభ్యుదయ రచయితల మహాసభకు ఇస్మత్ వెళ్ళినప్పటికి ఇంకను విద్యార్థిని. నదురు బెదురు లేక మాట్లాడు ఆ వైద్యురాలిని చూచి, తన కథలలోని సుకుమారి నాయికలను, చంద్రవదనుల వర్ణనలను ఆమె వదలివేసినారు.

మొదట అచ్చయినది నాటకము. పేరు 'ఫసాదీ', తగవులమారి అని చెప్పుకొనవచ్చును. 1939లో 'సాకీ' పత్రికలో పడినది. చదివినవారు మెచ్చుకొన్నారు, అయితే అజీం బేగ్ ఆడపేరు పెట్టుకొని ఎందుకు వ్రాయవలసి వచ్చినదో అని ఆశ్చర్యపడినారు! ఆడది ఇట్లు వ్రాయగలదని వారికి తోచలేదు. తొలి నాటకములపై బెర్నార్డ్ షా ప్రభావము కలదు. పాత్రలు వాదించుకొనుచునే ఉంటవి. తరువాతి కాలమున మతకలహములను గూర్చి ఆమె వ్రాసిన 'ధానీ బాంకేఁ' అను నాటకమును ప్రజా నాట్యమండలివారు ఆడినారు. నాటకకర్త్రిగా ఆమె స్థానము నవలకును కథకును లోకువయే అని నా అభిప్రాయము. కాని ఆ నాటకపు చెవి ఆమెను ఎన్నడును విడువలేదు. ఏ కథ తీసికొన్నను సంభాషణలోనే మనిషి మొత్తము కనబడును. మన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కథలలో గోదావరి తీరపు ఆడవారు మాట్లాడుకొనుచుండగా మనము గుమ్మము వెనుక నిలిచి విన్నట్లుండును గదా. ఇస్మత్ కథలలో కూడ అదే అనుభవము. ఉర్దూ సాహిత్యములో పండితుల భాష, కవుల భాష ఉండగా, పడకటింటిలోను వంటసాలలోను అంతఃపుర స్త్రీలు మాట్లాడుకొను భాషను తెచ్చి ఆమె గద్యములో కూర్చుండబెట్టినారు.

అన్నగారు 1941లో మరణించినారు. ఆయనను గూర్చి ఆమె 'దోజఖీ', అనగా నరకవాసి, అను పేర ఒక వ్యాసము వ్రాసినారు. పోయినవారిని పొగడుట మన దేశాచారము. ఆమె అట్లు చేయలేదు. ఆయన రోగమును, మొండితనమును, ఇంటివారిని ఏడిపించిన తీరును ఏ తెరయు లేక వ్రాసినారు. అయినను చదువుచుండగా ఎక్కడనో గొంతు పట్టుకొనును. సాదత్ హసన్ మంటో సోదరి దానిని చదివి, సొంత అన్నను ఇట్లు వ్రాసిన ఈమె ఎట్టి మనిషియని ఈసడించుకొన్నదట. నేను చచ్చిపోయిన తరువాత నన్ను గూర్చి నీవు ఇట్టిది వ్రాసెదవేని ఈ దినమే చచ్చుటకు సిద్ధమని మంటో ఆమెకు చెప్పినాడట.

బరేలీలోను, జోధ్‌పూర్‌లోను బాలికల పాఠశాలలలో పనిచేసి, ఆమె బొంబాయి పురపాలక పాఠశాలల తనిఖీ ఉద్యోగములో చేరినారు. ఈ సందర్భమున మనకు ఒక పోలిక స్ఫురించక మానదు. గుడిపాటి వెంకటచలం కూడ పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవారే. అటు ఆయన, ఇటు ఆమె, పగలు హాజరు పట్టీలు తనిఖీ చేసి, రాత్రి ఇండ్లలోని అబద్ధములను తనిఖీ చేసినారు. ఇద్దరికిని లోకము ఒకే బిరుదు ఇచ్చినది.

1942లో ఆమె సినిమా రచయిత షాహిద్ లతీఫ్‌ను వివాహమాడినారు. పెండ్లికి రెండు నెలల ముందు వ్రాసిన కథ 'లిహాఫ్'; బొంత, రజాయి. భర్త నిరాదరణకు గురియైన ఒక బేగము, ఆమె పరిచారిక, ఆ యింట కొన్నాళ్ళు ఉండుటకు వచ్చిన ఒక చిన్నపిల్ల. రాత్రివేళ గోడపై కదలు నీడను చూచి ఆ పిల్ల భయపడును. ఏమి జరుగుచున్నదో ఆ పిల్లకు తెలియదు. కథలో ఎక్కడను చెప్పబడలేదు. 'అదబ్-ఎ-లతీఫ్' పత్రికలో అచ్చయిన తరువాత గొడవ ఆరంభమైనది. తిట్లతో నిండిన ఉత్తరములు మూటలుగా వచ్చినవి. 1944 డిసెంబరులో, రెండు నెలల పసిబిడ్డకు పాలు సిద్ధము చేయుచున్న వేళ పోలీసు అధికారి వచ్చి సమను అందించినాడు. చక్రవర్తి ఆరవ జార్జి ఒక వంక, ఇస్మత్ చుగ్తాయ్ ఒక వంక! ఆ కాగితము చదివి ఆమె పకపక నవ్వినారట. 'బూ' అను కథకు మంటోపై కూడ అదే న్యాయస్థానములో అభియోగము.

లాహోరు ప్రయాణమును ఆమె తన ఆత్మకథలో వర్ణించిన తీరు చూచిన, ముద్దాయిలు కోర్టుకు పోవుచున్నట్లు గాక చుట్టపుచూపుగా పోవుచున్నట్లుండును. ఆ ఊరిలో శాలువలు, చెప్పులు కొనుక్కొన్నారు. మంటో సుకుమారమైన పాదములను చూచి ఈమెకు అసూయ కలిగినదట. మిత్రులు, శ్రేయోభిలాషులు క్షమాపణ చెప్పివేయుడని ఒత్తిడి చేసినారు. జుల్మానా కూడ తామే కట్టెదమన్నారు. ఆమె ఒప్పుకొనలేదు.

విచారణలో చిక్కు ఏమనగా, అశ్లీలమైన మాట ఏదియో సాక్షులు చూపవలెను. చూపుటకు కథలో ఒక్క మాటయు లేదు. తుదకు ఒక సాక్షి, పిల్లలు ప్రియులను పోగుచేయుట అను అర్థము గల వాక్యమును పట్టుకొన్నాడు. ప్రియుడను మాట అశ్లీలమా అని వకీలు ప్రశ్న. కాదు, మంచి యింటి ఆడపిల్లలకు అట్లు చేయుట తగదు అని జవాబు. అయిన, మంచి యింటివారు కానివారికి తగునా? కోర్టు నవ్వినది. రెండు పర్యాయములు లాహోరు పోవలసి వచ్చినను కేసు నిలువలేదు. న్యాయమూర్తి ఆమెను తన గదికి పిలిచి, మీ కథలు చదివితిని, వానిలో అశ్లీలము లేదు, మంటో రచనలలోనే మలినము మెండు అన్నప్పుడు, లోకములోనే మలినము ఉన్నదని, దానిని కదిపి పైకి తెచ్చిననే గదా శుభ్రము చేయవలెనని తోచుట అని ఆమె సమాధానము చెప్పినారు. స్నేహితుని వదలి తనొక్కతెయే బయటపడుటకు ఆమె ఇష్టపడలేదని దీనివలన మనకు తెలియుచున్నది.

ఇట్టి కథ మనకు క్రొత్తది కాదు. 18వ శతాబ్దిలో తంజావూరున ముద్దుపళని వ్రాసిన 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయించగా, ప్రభుత్వము నిషేధించినది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గాని ఆ నిషేధము తొలగలేదు. పురుషులు వ్రాసిన శృంగార ప్రబంధములు అంతకాలమును పాఠ్యగ్రంథములుగా చెల్లినవి.

ఇక నా సొంత కారణము. నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒక కథ వ్రాసి ఒక పత్రికకు పంపితిని. వారు ప్రచురించెదమని జాబు వ్రాసినారు. భర్తతో మాట లేకుండ పదేండ్లు ఒకే యింటిలో కాపురము చేసిన స్త్రీ కథ అది. సంతోషము పట్టలేక సెక్షనులో ఒకరిద్దరికి చెప్పితిని. సంగతి మా పై అధికారి చెవిని పడినది. ఆయన అందరి యెదుట నవ్వుచు, "ఇది మీ యింటి కథయేనా?" అని అడిగినారు. మరేమియు అనలేదు. అందరును నవ్వినారు. ఆ సాయంకాలమే నేను కథను వాపసు కోరుచు పత్రికకు కార్డు వ్రాసితిని. మన ప్రవర్తన నియమావళి, అనగా 1964 నాటి నిబంధనలు, కేవల సాహిత్య రచనకు ముందుగా అనుమతి అక్కరలేదని చెప్పుచున్నవి. ఆ సంగతి అప్పుడును నాకు తెలియును. నన్ను ఆపినది నిబంధన కాదు. చక్రవర్తి పేర వచ్చిన కాగితము చూచి నవ్విన స్త్రీని గూర్చి మొదటిసారి చదివిననాడు నాకు నిద్ర పట్టలేదు. ఈ సభలో మారుపేర్లతో వ్రాయు సోదరీమణులు ఇద్దరు ముగ్గురు ఉన్నారని నేనెరుగుదును. వారి పేర్లు చెప్పను.

అయితే ఆమె ధైర్యమునకు మూల్యము లేకపోలేదు. ఆ కథ కారణమున భార్యాభర్తల మధ్య కలతలు వచ్చినవని ఆమెయే వ్రాసినారు. జీవితాంతము ఆమెను ఆ ఒక్క కథ పేరనే గుర్తించినారు. తన తక్కిన రచనలన్నియు ఆ బొంత క్రింద పడి నలిగినవని ఆమె బాధ. చాల ఏండ్లకు అలీగఢ్‌లో ఒక విందులో, ఆ కథకు ఆధారమైన బేగముగారే ఎదురుపడినారట. ఇస్మత్‌కు కాళ్ళు వణకినవి. ఆ బేగము విడాకులు పొంది, మరల పెండ్లాడి, ఒక కుమారుని కన్నారు. ఆమె ఇస్మత్‌ను ఆప్యాయముగా పలుకరించి ఆ బిడ్డను చూపించినారు. కోర్టు తీర్పుకంటె ఈ తీర్పే తనకు గొప్పదని రచయిత్రి భావించినారు.

నలిగిపోయిన ఆ రచనలలో రెండింటిని గూర్చి చెప్పకుండ వదలలేను. 'చౌథీ కా జోడా' కథలో తల్లి ఊరిలో పేరుపడిన కుట్టుపనిమనిషి. ఎంత కురచ గుడ్డయైనను ఆమె కత్తెర క్రింద సరిపోవును. పెద్ద కుమార్తెకు పెండ్లి కాలేదు. బంధువుల యువకుడు ఒకడు ఇంటికి వచ్చును. ఉన్న నగలు అమ్మి, తాము పస్తుండి, అతనికి పరాటాలు, కోఫ్తాలు చేసి పెట్టుదురు. అతడు తిని, తిని, వేరొకచోట పెండ్లి నిశ్చయమైనదని వెళ్ళిపోవును. క్షయతో పిల్ల కన్నుమూయును. పెండ్లి జోడు కత్తిరించవలసిన ఆ తల్లి చేతులే కఫను గుడ్డ కత్తిరించును. వరకట్నమని, కన్యాశుల్కమని మనము ఎన్ని కథలు చదువలేదు! అయినను ఆ కత్తెర చప్పుడు నాకు ఇప్పటికిని వినబడుచున్నది. రెండవది 'టేఢీ లకీర్', వంకర గీత, అను పెద్ద నవల. షమ్మన్ అను పిల్ల, ఆదరణ లేక పెరిగి, చదివి, బడిపంతులమ్మయై, తన్ను తాను వెదకుకొనుట అందులోని విషయము. చాలవరకు స్వీయచరిత్రయే. చివరి భాగము కొంత పలుచబడినదని నాకు తోచును. బాల్యభాగము మాత్రము అసమానము.

'మాసూమా' అను నవలకును మనకును దగ్గర సంబంధము కలదు. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశములో కలిసిన తరువాత చితికిపోయిన ఒక గొప్పింటి పిల్ల బొంబాయి చేరి, నీలోఫరు అను పేర అమ్ముడుపోయిన కథ అది. ఆ మార్పును తెలంగాణ రైతు వైపునుండి చెప్పిన నవలలు మనకు కలవు. కూలిన మేడలోని ఆడవారి వైపునుండి చూచినది ఇది.

సినిమాకు ఆమె భర్తతో కలిసి వచ్చినారు. ఆమె నవలిక 'జిద్దీ'ని 1948లో బొంబే టాకీస్‌వారు చిత్రముగా తీసినారు. దర్శకుడు షాహిద్ లతీఫ్. దేవ్ ఆనంద్, కామినీ కౌశల్ నాయకానాయికలు. కిశోర్ కుమార్ మొదటి నేపథ్యగానము దానిలోనే. 1950లో 'ఆర్జూ', 1951లో 'బుజ్‌దిల్', 1953లో 'ఫరేబ్' వచ్చినవి. కడపటిదానికి ఆమె భర్తతోపాటు దర్శకత్వము కూడ వహించినారు. 1958లోని 'సోనే కీ చిడియా' నాకు మిక్కిలి ఇష్టము. చుట్టములు ఒక అనాథ బాలికను నటిని చేసి ఆమె సంపాదనపై బ్రతుకుదురు. నూతన్ నటన మరువరానిది. మన తెలుగు దేశములో కూడ కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణము' 1964లో 'డాక్టర్ చక్రవర్తి'గా వచ్చిననాటినుండి రచయిత్రుల నవలలు తెరకెక్కినవి. కాని కథ ఇచ్చి ప్రక్కకు తప్పుకొనుట వేరు, సంభాషణ వ్రాసి, నిర్మాణములో నిలిచి, దర్శకత్వములో చేయి కలుపుట వేరు. ఇస్మత్ రెండవ కోవకు చెందినవారు. లాభనష్టములు రెండును చూచినారు. 1967లో షాహిద్ లతీఫ్ మరణించినారు.

ఆమె అచ్చుకానీయని ఒక కథ ఆధారముగా ఎం. ఎస్. సత్యు 1973లో తీసిన 'గరం హవా'ను మీలో పెద్దవారు చూచియుందురు. ఆగ్రాలో చెప్పులు తయారుచేయించు సలీం మీర్జా, దేశవిభజన తరువాత ఒక్కొక్క బంధువు పాకిస్తాను పోవుచుండగా, పోవలెనా ఉండవలెనా అని నలిగిపోవు కథ. కైఫీ ఆజ్మీ, షమా జైదీ చిత్రానువాదము చేసినారు. మీర్జా భార్యగా నటించిన షౌకత్ ఆజ్మీ హైదరాబాదు ఆడపడుచు. సెన్సారువారు కొన్ని నెలలు చిత్రమును ఆపిరి. మీర్జా పాత్ర ధరించిన బల్‌రాజ్ సాహ్నీ చిత్రము విడుదల కాకముందే, 1973 ఏప్రిలులో, కన్నుమూసినారు. ఈ విషయముపై 'జడేఁ', అనగా వేళ్ళు, అను కథ కూడ ఆమె వ్రాసినారు; కుటుంబమంతయు సరిహద్దు దాటుటకు బయలుదేరినను ముసలి తల్లి మాత్రము ఇల్లు కదలదు. ఇది ఆమెకు ఊహ కాదు. సొంత అన్నదమ్ములలో కొందరు అటు పోయినారు. ఆమె ఇక్కడనే ఉన్నారు. 1978లో, సికింద్రాబాదు చెంత తిరుమలగిరిలో పుట్టిన శ్యాం బెనెగల్ తీసిన 'జునూన్'కు సంభాషణలలో పాలుపంచుకొని, ఒక వృద్ధురాలి పాత్ర కూడ ధరించినారు.

1976లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ ఇచ్చినది. మనము గమనించదగిన సంగతి మరొకటి కలదు. 'కాగజీ హై పైరహన్' అను ఆమె ఆత్మకథ 1979, 80లలో ధారావాహికముగా వెలువడినది 'ఆజ్‌కల్' ఉర్దూ పత్రికలో. పుస్తకముగా 1994లో వేసినది మన ప్రచురణల విభాగమువారు. చక్రవర్తి ప్రభుత్వము సమను పంపిన రచయిత్రి, ఆ సమను కథను స్వతంత్ర ప్రభుత్వపు పత్రికలోనే చెప్పుకొన్నారు. ఆ పత్రిక ప్రూఫులు దిద్దిన ఉద్యోగి ఎవరో గాని అదృష్టవంతుడు.

1991 అక్టోబరు 24న ఆమె బొంబాయిలో మరణించినారు. తన కోరిక ప్రకారము దహనము చేసినారు. అది కూడ కొందరికి కోపము తెప్పించినది. పోయిన తరువాతను ఊరకుండలేదని నవ్వుకొన్నవారును కలరు.

హిందీ వచ్చినవారికి ఆమె రచనలు నాగరి లిపిలో సులువుగా దొరకును. తెలుగులోనే చదువదలచినవారికి, పి. సత్యవతిగారు అనువదించగా హైదరాబాదు బుక్ ట్రస్టువారు ప్రచురించిన కథలు ఉన్నవి. నా యొద్ద ఒక ప్రతి కలదు. సభ ముగిసిన తరువాత అడిగినవారికి ఇచ్చెదను. పదిహేను రోజులలో తిరిగి ఇవ్వవలెను, ఎందుకనగా వెనుక వరుసలో కూర్చున్న అమ్మాయి ఇప్పటికే వరుస కట్టినది. నా పాత కథ వ్రాతప్రతి కూడ మొన్న ఇల్లు సర్దుచుండగా ట్రంకుపెట్టెలో బయటపడినది. దానిని ఈ ఉదయము సంచిక సంపాదకవర్గమునకు అందజేసితిని. నా పేరుతోనే.